విమానముల వైద్యశాల

విమానము ఎగురుట అందరికిని కనబడును. దానిని ఎగురునట్లు చేయుటకై నేలమీద జరుగు పని కనబడదు. నిర్ణీతమైన గంటలు నడచిన పిమ్మట ప్రతి ఇంజనును విప్పవలెను. భాగములను కడిగి, అరుగుదలను కొలిచి, పగుళ్లు వెదకి, చెడినవానిని మార్చి, తిరిగి కూర్చి, నేలపై నడిపి చూచిన తరువాతనే విమానమునకు బిగింతురు. యుద్ధకాలమున శత్రువు గుండ్లే కాక దుమ్ము, తేమ కూడ విమానములను మూలబెట్టును.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ పనికి బెంగుళూరు ముఖ్యస్థానమైనది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానము తోడ్పాటుతో అచ్చట హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించెను. ఉద్దేశము విమాననిర్మాణము. 1941లో అచ్చట కూర్చిన హార్లో శిక్షణవిమానము ఎగిరినది కూడ. కాని 1942లో జపాను బర్మాను ఆక్రమింపగా, కొత్తవి కట్టుటకంటె ఉన్నవానిని బాగుచేయుట తొందరపనియైనది. ఆ యేడే ప్రభుత్వము కంపెనీని తన చేతిలోనికి తీసుకొనెను. 1943లో నిర్వహణ అమెరికను వైమానికదళమునకు చేరి, కర్మాగారము 84వ ఎయిర్ డిపో అయినది. సముద్రము లేని ఆ యూరికి కెటలీనా నీటివిమానములు సైతము మరమ్మతునకు వచ్చెడివి! అవి దిగినది బెళ్లందూరు చెరువులో.

ఈ పనిలో మనవారు నేర్చిన విద్య యెంతటిదో యుద్ధానంతరము తెలిసినది. అమెరికా బ్రిటనునకు అరువుగా నిచ్చిన లిబరేటరు బాంబరులు కాన్పూరులో పోగుపడియుండెను. ఒప్పందము ప్రకారము వానిని మరల వాడరాదు. కనుక విడిచిపోవువారు వానిని బుద్ధిపూర్వకముగా పాడుచేసిరి. 1948లో బెంగుళూరు మెకానిక్కులు ఆ గుట్టలలో వెదకి, ఒకదాని భాగము మరొకదానికి అమర్చి, ఒక్క ప్రయాణమునకు చాలునంత బాగుచేసిరి. కంపెనీ పైలట్ జంషెడ్ మున్షీ వానిని బెంగుళూరునకు నడిపెను. అక్కడనే అసలు మరమ్మతు. చెడగొట్టబడిన నాలుగింజనుల విమానమును పూర్తి పరీక్ష లేకయే అంతదూరము నడుపుట యుద్ధమునకు తీసిపోని సాహసమని నా అభిప్రాయము.

ఈ విధముగా సుమారు 40 విమానములు లేచినవి. 1948 నవంబరులో భారత వైమానికదళపు 5వ స్క్వాడ్రను వానిని స్వీకరించినది. తరువాత సముద్రముపై నిఘాకును వాడిరి. 1968 వరకు అవి కొలువులో నుండెను. బ్రిటను తనకొక్కటియైన మిగుల్చుకొనలేదు కాబోలు, అచ్చటి రాయల్ ఎయిర్‌ఫోర్సు మ్యూజియములోని లిబరేటరు 1974లో మన దేశమునుండి వెళ్లినదే.