ఆదివారం నాటి పేర్లు

మీ ఇరుగుపొరుగున క్రైస్తవులుంటే ఈ సంగతి మీకు తెలిసే వుంటుంది. ఈస్టరు పండక్కి ముందు నలభై రోజులు వాళ్ళు శ్రమల కాలమని పాటిస్తారు. బూడిద బుధవారంతో మొదలు. శుభకార్యాలు పెట్టుకోరు, ఉపవాసాలుంటారు. చివరి వారం మట్టల ఆదివారంతో వస్తుంది, ఆ రోజు పిల్లలు మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ నడుస్తారు. ఇదంతా మనసు శుద్ధి చేసుకోవడానికని పెద్దలంటారు. ఒక దేశంలో మాత్రం ఈ శ్రమల కాలం గుడి గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం. రేడియో ముందు కూర్చుని మాట్లాడే నాకు దానిమీద ఇంకో మమకారం కూడా వుందిలెండి. అందులో సగం పాత్ర రేడియోదే.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అని చిన్న దేశం. మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. ఆ పేరుకి అర్థం రక్షకుడు, అంటే క్రీస్తు. పేరు అలా వున్నా కాఫీ, చెరకు పండే మంచి భూములన్నీ కొద్ది కుటుంబాల చేతుల్లో వుండేవి. కూలివాళ్ళకి కోతల రోజుల్లో పని, తక్కిన రోజుల్లో పస్తు. సంఘం పెట్టుకుందామన్నవాణ్ణి రాత్రికి రాత్రి పట్టుకుపోయేవారు.

ఆ దేశపు రాజధాని శాన్ సాల్వడార్‌కి 1977 ఫిబ్రవరి 22న ఆస్కార్ రొమేరో ఆర్చిబిషప్పు అయ్యారు. 1917లో పుట్టారు. చిన్నప్పుడు వడ్రంగం నేర్చుకున్నారు, రోములో చదువుకుని 1942లో గురువయ్యారు. మెత్తని మనిషి, పుస్తకాల మనిషి. ఈయనతో పేచీ వుండదని కలవారు సంతోషించారు. పేదల మధ్య పనిచేసే గురువులు మాత్రం ఉసూరుమన్నారు.

ఆయన పదవి తీసుకున్న మర్నాడే బూడిద బుధవారం. మూడు వారాలైనా తిరగకుండా, మార్చి 12న, ఆయన స్నేహితుడు రుటీలియో గ్రాండేని దారికాచి కాల్చేశారు. చెరకు కూలీల మధ్య పనిచేసిన గురువు ఆయన. జీపులో వెంటవున్న ఒక ముసలాయనా, ఒక కుర్రవాడూ కూడా పోయారు. ఆ రాత్రి రొమేరో ఆ మూడు శవాల పక్కనే వున్నారు. తర్వాత, మార్చి 20 ఆదివారం నాడు, తన ఏలుబడిలోని గుళ్ళన్నిటిలో పూజలు ఆపించి, కెథెడ్రల్లో ఒకే ఒక్క పూజ జరిపించారు. దాదాపు లక్షమంది వచ్చారంటారు. ఈ హత్య సంగతి తేల్చేదాకా ప్రభుత్వ వేడుకలకి రానని కూడా చెప్పేశారు. అప్పటికాయనకి యాభై తొమ్మిదేళ్ళు! ఆ వయసులో మనం వంటింట్లో డబ్బాల వరసైనా మార్చుకోం.

అక్కణ్ణించి తల్లులు ఆయన దగ్గిరికి రావడం మొదలెట్టారు. కొడుకు కనపడటం లేదని, మొగుణ్ణి సైనికులు తీసుకుపోయారని. జైళ్ళ చుట్టూ, శవాల గదుల చుట్టూ తిరిగి తిరిగి వచ్చేవాళ్ళు. 1977 డిసెంబరులో, క్రిస్మసు రోజుల్లో, ఆయన అండతో ఆ తల్లులే ఒక సంఘంగా ఏర్పడ్డారు. నల్లబట్టలు కట్టుకుని, తలకి తెల్లగుడ్డ చుట్టుకుని వీధుల్లో నిలబడేవారు.

పెద్ద పత్రికలు ఈ వార్తలు వేసేవి కావు. అందుకని రొమేరో ఆదివారం ప్రసంగంలోనే చెప్పేవారు. ముందు ఆనాటి బైబిలు పాఠాలు వివరించేవారు. అటుపైన ఆ వారం దేశంలో ఎవరిని పట్టుకుపోయారో, ఎవరి శవం ఎక్కడ దొరికిందో పేరుపేరునా చదివేవారు. చర్చివారి రేడియో అదంతా ప్రసారం చేసేది. గంటన్నర ప్రసంగం! మన పిల్లలైతే పది నిమిషాలకే స్టేషను మార్చేస్తారు. అక్కడ మాత్రం ఊరి వీధిలో నడిచిపోతే ఇంటింటి ట్రాన్సిస్టరులోంచీ వినబడుతూ ఒక్క మాట కూడా పోయేది కాదని చెప్పుకునేవారు. బాంబులు పెట్టి ఆ స్టేషన్ని పేల్చారు, బాగుచేసుకుని మళ్ళీ మాట్లాడారు.

తోటి బిషప్పుల్లో ఎక్కువమంది ఆయన్ని సమర్థించలేదు, రాజకీయాల్లో తలదూరుస్తున్నాడని రోముకి ఫిర్యాదులు వెళ్ళాయి. పరాయివాళ్ళ పగ కంటే ఇదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టి వుంటుందని నాకనిపిస్తుంది. ఆయన వున్నది రాజభవనంలో కాదండీ. కాన్సరు రోగుల్ని చూసే సన్యాసినుల ఆస్పత్రి ఆవరణలో, వాళ్ళు కట్టించి ఇచ్చిన మూడు గదుల ఇంట్లో.

1980 ఫిబ్రవరి 17న, బూడిద బుధవారానికి మూడు రోజుల ముందు, సైన్యానికి సహాయం పంపవద్దని అమెరికా అధ్యక్షుడు కార్టరుకి ఉత్తరం రాశారు. సహాయం ఆగలేదు. మార్చి 23న, శ్రమల కాలంలో అయిదో ఆదివారం, నేరుగా సైనికులతోనే మాట్లాడారు. మీరు చంపుతున్నది మీ సాటి రైతుబిడ్డల్నే, చంపమనే ఆజ్ఞని పాటించనక్కరలేదు, ఈ హింస ఆపండి అని.

మర్నాడు సాయంత్రం ఆస్పత్రి గుళ్ళో ఒక తల్లి సంవత్సరీకానికి పూజ చేస్తున్నారు. ప్రసంగం ముగించారో లేదో, గుమ్మం వైపునించి ఒకే ఒక్క తూటా వచ్చింది.

అంత్యక్రియలు మార్చి 30న, మట్టల ఆదివారం. మట్టలు పట్టుకుని వేలకువేలమంది కెథెడ్రల్ ముందుకి వచ్చారు. బాంబు పేలింది, కాల్పులు జరిగాయి, తొక్కిసలాటలో కూడా చాలామంది పోయారు.

తర్వాత 1992 దాకా యుద్ధం. 75 వేలమంది పోయారని లెక్క. హత్యకి ఆజ్ఞ ఇచ్చినవాడు మాజీ సైనికాధికారి దోబుయిసోన్ అని ఐక్యరాజ్యసమితి సంఘం 1993లో తేల్చింది. అతను అంతకు ముందు ఏడే పోయాడు, కోర్టు మెట్టెక్కకుండానే. రొమేరోని 2018 అక్టోబరు 14న పునీతుడిగా ప్రకటించారు. ఆయన పండగ మార్చి 24. దాదాపు ఎప్పుడూ శ్రమల కాలంలోనే పడుతుంది.

శాన్ సాల్వడార్‌లో ఒక తోటలో 2003లో పొడుగాటి నల్లరాతి గోడ కట్టారు. చనిపోయినవాళ్ళవీ, కనపడకుండా పోయినవాళ్ళవీ 25 వేలకు పైగా పేర్లు దానిమీద చెక్కివున్నాయి. రొమేరో పేరు కూడా ఆ వరసల్లోనే వుంది.