ఏరిన పాటలు, జారిన వరుసలు

వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు ఒకనాటి సాయంకాలం తన ఫోనులో ఏదో ఆంగ్ల సంగీతం పెట్టి, "తాతయ్యా, ఈ గిటారు విను" అన్నాడు. అది 'క్వీన్' అనే బ్రిటిష్ రాక్ బృందం వారి 'గ్రేటెస్ట్ హిట్స్' అట. జీవితమంతా పిల్లలకు పద్యాలు వల్లె వేయించిన నా చెవికి ఆ హోరు ఒక పట్టాన రుచించలేదు. కాని ఆ సంకలనం కథ తెలుసుకున్నకొద్దీ మన భద్రాచల రామదాసు జ్ఞాపకానికి రాసాగాడు. పోలిక విపరీతమనిపిస్తే మన్నించి, చివరిదాకా చదవ ప్రార్థన.

ఆ బృందానికి ప్రాణం బ్రయన్ మే గిటారు. పాత పొయ్యిగూటి కొయ్యతో తండ్రీకొడుకులిద్దరూ ఇంట్లోనే చేసుకొన్న వాద్యమది. గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబంలో పుట్టి, మన పంచగనిలో చదువుకొన్నవాడు. అంతవరకు వచ్చిన పాటలలో జనం మెచ్చినవాటిని ఏర్చి, 1981లో ఆ సంకలనాన్ని వెలువరించారు. బ్రిటన్‌లో అచ్చయిన ప్రతిలో 17 పాటలున్నాయి. ఇతర దేశాల ప్రతులలో పాటల పట్టిక వేరు. ఏ దేశంవారు మెచ్చినవి ఆ దేశానికి. 2022 నాటికి ఒక్క బ్రిటన్‌లోనే 70 లక్షల ప్రతులు దాటాయి. బృందమంటే ఆ పదిహేడు పాటలే అనుకొనేవారు కోకొల్లలు.

ఇక మన కథ. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రగిరిపై ఆలయం కట్టించి, తానీషా ఏలుబడిలో (1672–1687) గోలకొండ చెరసాల పాలయ్యాడు. ఆయన పేర అచ్చులో నూరుకు పైగా కీర్తనలున్నాయి. అయితే ఆయన ఏ వరుసలో పాడుకొన్నాడో చెప్పే స్వరలిపి లేదు. ఆ పాటలను త్యాగరాజస్వామి కాలానికీ, మన కాలానికీ మోసుకొచ్చినవి భజన గోష్ఠులే. నోటినుంచి నోటికి వచ్చినవి కనుక ఊరికొక వరుస ఉండేది.

1948లో విజయవాడ ఆకాశవాణి వెలిసింది. 'భక్తిరంజని'లో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గళాన రామదాసు తెలుగునాట ఇంటింటికీ వచ్చాడు. ఆ పిమ్మట కేసెట్లు వచ్చాయి. 'శంకరాభరణం' (1980)లోనూ రెండు రామదాసు కీర్తనలు చేరాయి. ఈ మహోపకారాన్ని కాదనగలవారెవరు? కాని నూరుకు పైబడిన కీర్తనలలో జనం నాలుకపై నిలిచినవి గుప్పెడు. వాటికి నిలిచిన వరుస ఒక్కొక్కటే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగం తొలి రోజులలో, దుమ్ముగూడెం దాటి చర్ల పోయే దారిలో, అడవి అంచున ఒక ఊళ్లో పనిచేశాను. శ్రీరామనవమికి పిల్లలచేత 'పలుకే బంగారమాయెనా' పాడించదలచి, టేప్‌రికార్డరు ముందు కూర్చోబెట్టి, కేసెట్టులోని ఆనందభైరవిని వల్లె వేయించాను. ఆ ఊరి భజన పెద్ద, చిడతలు చేతబట్టిన ముదుసలి, అది విని, "సారూ, మా అయ్య ఇట్ల పాడేటోడు కాదు" అని తన వరుస ఎత్తుకొన్నాడు. అది ఆనందభైరవి కాదు. ఏ రాగమో చెప్పే పాండిత్యం నాకు లేదు. నడక మాత్రం కావడి మోసే మనిషి అడుగులా ఉండేది. పిల్లలు పకపకా నవ్వారు. నేను వారించలేదు సరికదా, "తాతా, అసలు వరుస ఇది" అన్నాను. ఆయన మారు పలకలేదు. ఆ నవమికి చిడతలు పట్టుకొని వెనుక వరుసలో కూర్చున్నాడు, నోరు విప్పలేదు.

'అసలు' అన్నమాట నా నోట ఎలా వచ్చిందా అని ఇప్పుడు చింతిస్తాను. నేను విన్నది ఒక మహాగాయకుని వరుస. రామదాసు వరుస అని ఎవరు చెప్పగలరు?

క్వీన్ సంకలనంలో చోటు దక్కని పాటలకు నష్టం లేదు. అవి ఏ ఆల్బమ్‌లో వచ్చాయో అక్కడ భద్రంగానే ఉన్నాయి. మా మనవడు వేలు కదిపితే పలుకుతాయి. మన కీర్తనలకు సాహిత్యం పుస్తకంలో ఉంది గాని, వరుస ఉన్నది గొంతులోనే. గొంతు పోతే పోయినట్లే. ఏర్చి కూర్చినవారిది దోషం కాదు. ఏరినదే సర్వస్వమని బడిలో నేర్పిన నాబోటి పంతుళ్లదే దోషం.

మొన్న కార్తికంలో ఆ ఊరు వెళ్లాను. పెద్దాయన పోయి చాలా ఏళ్లయిందట. ఆయన కూతురికి తండ్రి వరుసలో పల్లవీ, ఒక చరణమూ మాత్రం జ్ఞాపకమున్నాయి. తక్కినది ఎంత అడిగినా, "యాదికి లేదు సారూ" అన్నది. ఆ కాస్తా మనవడు నేర్పిన విధంగా ఫోనులో పట్టుకొన్నాను. రెండు నిమిషాలైనా లేదు.

మిత్రులారా, మీ ఊళ్లలో చిడతలు పట్టే పెద్దలు ఇంకా ఉంటే, వెళ్లి కూర్చోండి. సరిదిద్దకండి. వినండి.