పెద్దనాయకునిపేట ఇండ్లు ఎవరివి?

మద్రాసులోని మా పెద్దనాయకునిపేట పాతయిండ్లను పడగొట్టక, నవీన వాస్తుపద్ధతులతోను క్రొత్త గృహాలంకారముతోను మరల నివాసయోగ్యములుగా దిద్దుటకు పూనుకొన్నవారిని నేను మనసార అభినందించుచున్నాను. కాని, ఆ యిండ్లు ఆంగ్లేయుల వీథిగృహములకు అనుకరణములే యనియు, కావున వీథివైపు ముఖభాగమును నిలిపి లోపలి దంతయు మార్చినను పూర్వరూపమునకు హాని లేదనియు వారిలో కొందరు చెప్పు మాటను మాత్రము అంగీకరింపజాలను.

వారు చూపు నిదర్శనము సెయింటు జార్జి కోటలోని యిండ్లు. ప్రాకారముల నడుమ చోటు చాలక తెల్లవారు గోడకు గోడ చేర్చి కట్టుకొన్నమాట నిజమే. ఐతే కోట వెలుపల నిర్భయముగా నుండగల కాలము వచ్చినంతనే వారు నుంగంబాకము, ఎగుమూరు మొదలగు చోట్ల విశాలమైన తోటల నడుమ విడివిడిగా బంగళాలు కట్టుకొని తరలిపోయిరి. మైలాపురపు మాడవీథులలోను, కృష్ణాగోదావరీ తీరముల అగ్రహారములలోను అరుగు ప్రక్కన అరుగుగా ఇండ్లు వరుసదీరుటను ఏ యాంగ్లేయుడు నేర్పెను?

చైనాబజారు మూలమీద, డేర్ హౌసు చెంత నిలిచియున్న 1773 నాటి సరిహద్దు స్తంభము మనకందరికి నిత్యపరిచితమే. దానిని కోటచరిత్రలో చేర్చి విడిచిన గ్రంథకర్తలు, మన యిండ్ల చరిత్రకు అది యెంతటి సాక్షియో గుర్తింపలేదు. 1758–59లో ఫ్రెంచి సేనాని లాలీ సేనలు దేశీయుల నివాసమైన నల్లపట్టణమును (బ్లాక్ టౌను) ఆక్రమించి అచటినుండి కోటను ముట్టడించెను. ఆ యాపద గడచిన పిమ్మట, శత్రువునకు మరల చాటు దొరకకుండ కోటకు ఉత్తరమున నున్న ఇండ్లను తొలగించి మైదానము చేసి, ఈ హద్దులోపల నిక నెవ్వరును కట్టడము కట్టరాదని నాటిన స్తంభములలో నేడు మిగిలిన దిదియొక్కటే. ముట్టడికి పూర్వమే అచటి కోవెలను కోల్పోయిన చెన్నకేశవస్వామికి దేవరాజ మొదలి వీథిలో క్రొత్తగుడి యేర్పడెను. వర్తకులు పెద్దనాయకునిపేట, ముత్యాలపేటలకు చేరిరి. అట్లు ఇల్లు పోగొట్టుకొని వచ్చిన గృహస్థు క్రొత్తచోట తన కలవాటైన యింటినే కట్టుకొనును గాని, తన యింటిని పడగొట్టినవాని యింటిని కట్టుకొనడు.

వీథిలోని అరుగు, దాని వెనుక నడవ, ఆకాశమునకు తెరచియున్న మండువా, దాని చుట్టు టేకుస్తంభముల వసారా, చివరకు పెరడు: సన్నని ముఖముతో లోతుగా సాగిన ఈ స్థలములకు ఇరుప్రక్కలను కిటికీ పెట్టు వీలు లేదు గనుక, వెలుతురును గాలియు మండువానుండియే రావలెను. అందుపై కాంక్రీటు పలక పోసి, క్రింద దీపగుచ్ఛములు వ్రేలాడగట్టి, శీతలయంత్రములు బిగించుట నవీనత యనిపించుకొనదు. గాజుకప్పు వేయదలచినచో వేయుడు, దాని యంచుల క్రింద వేడిగాలి వెడలుటకు ఎడము విడువుడు.

కప్పు సంగతియు నట్టిదే. టేకుదూలములపై సన్నని యిటుకలను అంచుమీద నిలిపి, ఏటవాలు వరుసలుగా సున్నముతో పేర్చి, ఆపై ఇటుకముక్కల సున్నపు జల్లి దిమ్మిసకొట్టిన ఆ మిద్దెను మేస్త్రీలు నేటికిని మద్రాసు టెర్రాసు అందురు. దూలము పుచ్చినచో దానిని మార్చవచ్చును. కప్పునంతను ఊడదీయ నక్కరలేదు. సున్నపుగోడ నేలతేమను పీల్చి పైపూతగుండ బయటికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి పైకెక్కి, ఉప్పు పొరలుగా రాలును. ఆపై ఎంత వెలగల రంగు వేసినను నిలువదు.

1901లో పొట్టి శ్రీరాములుగారు జన్మించిన అన్నపిళ్ల వీథిని, నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను నడపిన తంబుచెట్టి వీథిని అన్యుల యనుకరణగా వర్ణించుట మాకు బాధ కలిగించుచున్నది. ఇక ఈ యిండ్లను దిద్దువారికి ఉక్కుదూలములు వలసినచో, లోపల వేరుగా ఉక్కుస్తంభములు నిలిపి వానిపై మోపుడు. ఇండ్ల నడిమి గోడ ఉమ్మడిది, ప్రక్కయింటివారి సమ్మతి లేక దానిలో ఒక్క రంధ్రమును తొలువరాదు.