తూటు పడితేనే చమురు

ప్రత్యేక సంచికకు "మీరు పనిచేసిన విభాగం చరిత్ర రాయండి" అని మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు మొదట తప్పించుకుందామనుకున్నాను. డ్రిల్లింగు వారికైతే చెప్పుకోవడానికి ఆకాశమంత రిగ్గు ఉంది. మా లాగింగు వాళ్లకు ఉన్నదల్లా ఒక ట్రక్కు, ఒక కేబులు, అరక్షణం చప్పుడు. కాని తీర్చవలసిన బాకీ ఒకటి ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను.

మన సభ్యులలో అకౌంట్సు, స్టోర్సు, రవాణా విభాగాల వారు కూడా ఉన్నారు కనుక మొదటి నుంచీ చెబుతాను. బావి తవ్వడం పూర్తయ్యాక లోపల కేసింగు అనే ఉక్కు గొట్టం దించి, గొట్టానికీ రాతికీ మధ్య సిమెంటు నింపుతారు. గోడలు కూలకుండా, ఒక పొరలోని నీరు మరో పొరలోకి పోకుండా ఇది అవసరం. అయితే దీనితో చమురున్న పొర కూడా మూసుకుపోతుంది. కోట్లు ఖర్చు పెట్టి తవ్విన బావి మూత బిగించిన సీసా అవుతుంది. ఆ గొట్టానికీ, సిమెంటుకూ, వెనకనున్న రాతికీ సరిగ్గా కావలసిన లోతులో తూట్లు పొడవడమే పెర్ఫరేషన్. గోదావరి జిల్లాల వారికి 1970ల చివర నర్సాపురం ప్రాంతంలో గ్యాసు బయటపడ్డాక రిగ్గులు బాగా పరిచయమయ్యాయి. కాని ఆ గ్యాసు గొట్టంలోకి ఎలా వస్తుందని అడిగినవారు నాకు అరుదుగానే తటస్థపడ్డారు.

తొలిరోజుల్లో ఈ పనికి కత్తులుండేవి. గొట్టంలోకి దించి, ఉక్కును చీల్చే యంత్రాలవి. ఒక్కొక్క గాటు పెట్టడానికి చాలా సమయం పట్టేది. సిమెంటు దాటి రాతిలోకి ఎంత దిగిందో చెప్పడం కష్టం.

1926లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌కు చెందిన సిడ్నీ మిమ్స్ అనే ఆయన తుపాకీ తూటాలతో గొట్టానికి రంధ్రం చేసే పరికరానికి పేటెంటు పొందాడు. ఆలోచన చక్కగానే ఉంది కాని ఆయన చేతిలో పరికరం అనుకున్నట్టు పనిచేయలేదు. అదే ఊరి వారైన బిల్ లేన్, వాల్టర్ వెల్స్ ఆ పేటెంటు కొన్నారు. కొన్నంత మాత్రాన పని జరగలేదు. ఎన్నోసార్లు విఫలమై, మార్చి, మళ్లీ ప్రయత్నించి, చివరికి ఒకేసారి అనేక తూటాలు దించి పైనుంచి కరెంటుతో పేల్చే గన్ను తయారు చేశారు. 1932 చివర్లో కాలిఫోర్నియాలోని మాంటెబెల్లో క్షేత్రంలో, యూనియన్ ఆయిల్ కంపెనీ వారి లా మెర్సెడ్ 17వ నంబరు బావిలో దానిని పరీక్షించారు. ఎనభై తూటాలు పేల్చడానికి గన్నును మళ్లీ మళ్లీ దించవలసి వచ్చింది, రోజులు పట్టింది. అయినా పని నెరవేరింది. లేన్-వెల్స్ కంపెనీ పేరు చమురు క్షేత్రాలన్నిటా మారుమోగింది.

తూటాకు ఒక పరిమితి ఉంది. ఉక్కు గట్టిపడేకొద్దీ, రాయి గట్టిపడేకొద్దీ దాని జోరు తగ్గుతుంది. ఒక్కోసారి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దీనికి పరిష్కారం యుద్ధరంగం నుంచి వచ్చింది.

1888లో అమెరికా నౌకాదళం వారి న్యూపోర్ట్ టార్పెడో కేంద్రంలో పనిచేస్తున్న చార్లెస్ మన్రో అనే రసాయన శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. పేలుడు దిమ్మను ఉక్కు పలక మీద పెట్టి పేల్చితే, దిమ్మ మీద గుంటగా చెక్కిన అక్షరాలు పలక మీద కూడా గుంటలుగానే పడుతున్నాయి. అంటే ఖాళీ ఉన్న చోటే దెబ్బ ఎక్కువ! పేలుడు శక్తి ఆ గుంటలోకి కేంద్రీకరిస్తుందన్న మాట. ఆ గుంటను గరాటు ఆకారంలో మలిచి లోపల పల్చని లోహపు రేకు అమర్చితే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుందని తరువాతి వారు కనుగొన్నారు. స్విట్జర్లాండుకు చెందిన హెన్రీ మొహాప్ట్ దీనిని ట్యాంకులను ఛేదించే ఆయుధంగా రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు భుజాన మోసిన బజూకా గుండు వెనక ఉన్నది ఈ పరిజ్ఞానమే.

యుద్ధం ముగిసింది. ట్యాంకు కవచాన్ని తొలిచే వస్తువు బావి గొట్టాన్ని తొలచదా? టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో వెల్ ఎక్స్‌ప్లోజివ్స్ అనే సంస్థ ఈ పని చేపట్టింది. మొహాప్ట్ అక్కడ చేరి, 1951లో షేప్డ్ చార్జి గన్నుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1974లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మా స్టోర్సులో ఉన్నవన్నీ జెట్ చార్జిలే. తూటా గన్ను నేను పుస్తకాల్లోనే చూశాను.

చార్జి చూడ్డానికి చిన్న టీ కప్పంత ఉంటుంది. పేలగానే లోపలి గరాటు రేకు నలిగి సన్నని ధారగా ముందుకు దూసుకుపోతుంది. ఆ ధార కొన వేగం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లు. చాలామంది అది ఉక్కును కరిగిస్తుందనుకుంటారు. కాదు. ఆ ఒత్తిడికి ఉక్కు మెత్తని మట్టిలా పక్కలకు తొలగుతుంది, అంతే. మా కాలంలో రాతిలోకి జానెడో మూరెడో దిగేది. ఆ జానెడు తూటే బావి బతుకు.

ఇక అసలు విషయం. పరికరం ఎంత గొప్పదైనా, ఎక్కడ పేల్చాలో తెలియాలి. రెండు వేల మీటర్ల కేబులు సాగుతుంది, చక్రం మీద జారుతుంది. అందుకని లోతును రెండు రకాలుగా సరిచూసుకుంటాం. ఒకటి ట్రక్కులోని మీటరు. రెండోది గొట్టాల కీళ్లు. గొట్టం ఒక్కొక్కటి సుమారు పన్నెండు మీటర్లు. రెండు గొట్టాలు కలిసే కీలు దాటినప్పుడల్లా గన్ను మీది అయస్కాంత పరికరం కాగితం మీద ఒక ముల్లు గీస్తుంది. మధ్యలో గుర్తుగా ఒక పొట్టి గొట్టం వేస్తారు. అది దొరికితే అక్కడి నుంచి కీళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లవచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, దేశంలో మరో మూలనున్న ఒక క్షేత్రంలో, తెల్లవారుజామున గన్ను దింపాం. వించి ఆపరేటరు మన తెలుగువాడే, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. నేను కీళ్లు లెక్కపెట్టి "సరిపోయింది" అన్నాను. ఆయన మీటరు చూసి, "బాబూ, పన్నెండు మీటర్లు తేడా వస్తోంది. పొట్టి గొట్టం దాకా మళ్లీ ఒకసారి లాగి చూద్దాం" అన్నాడు. అరగంట పని. బయట రిగ్గు వాళ్లు ఎదురుచూస్తున్నారు, రాత్రంతా నిద్ర లేదు. "వానకి చక్రం జారి ఉంటుంది, బాబాయ్" అని స్విచ్చి వేశాను.

చక్రం జారలేదు. నేనే ఒక కీలు ఎక్కువ దిగాను. పన్నెండు మీటర్ల కింద నీటిపొరకు తూట్లు పొడిచాను. బావి నీరు కక్కింది. పడిన తూటును వెనక్కి తీసుకోలేము. సిమెంటు నొక్కి ఆ తూట్లు మూసి, గట్టిపడ్డాక గొట్టంలో మిగిలిన సిమెంటు తవ్వి, మళ్లీ పై పొరకు తూట్లు వేయాలి. తొమ్మిది రోజులు పట్టింది.

విచారణ జరిగింది. నివేదికలో "లోతు మీటరులో లోపం" అని రాశారు. మీటరు బాధ్యత ఆపరేటరుది. ఆయనకు మెమో వచ్చింది. ఆ ఏడు ఇంక్రిమెంటు ఆగింది. ఆ నివేదిక మీద నా సంతకం ఉంది. ఉద్యోగం కొత్త, పెళ్లి కుదిరింది, భయపడ్డాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తరువాత బావికి వెళ్లినప్పుడు తనే కేబులు పొట్టి గొట్టం దాకా లాగి, "చూసుకో బాబూ" అని ఊరుకున్నాడు. ఆనాటి నుంచి ఉద్యోగ విరమణ దాకా రెండుసార్లు లాగి చూడకుండా నేను ఒక్క గన్ను కూడా పేల్చలేదు.

తరువాత పరిజ్ఞానం ఎంతో మారింది. 1970లలో రాయ్ వాన్ అనే ఆయన కృషితో గన్నును కేబులుకు కాకుండా ఉత్పత్తి గొట్టానికే బిగించి దించే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. బావిలోని ఒత్తిడి రాతిలోని ఒత్తిడి కంటే తక్కువగా ఉంచి పేల్చితే, తూటులోని పొడి అంతా ప్రవాహంతో పాటు బయటికి కొట్టుకువస్తుందని తెలిసింది. ఇన్ని మారినా లోతు సరిచూసుకోవలసిన అవసరం తీరలేదు.

లేన్-వెల్స్ వారు 1948 జూన్‌లో తమ లక్షవ పెర్ఫరేషన్‌ను కావాలని వెతుక్కుంటూ వెళ్లి, మొట్టమొదట పేల్చిన ఆ లా మెర్సెడ్ 17వ బావిలోనే చేశారు. మొదలుపెట్టిన చోటికి తిరిగి వెళ్లి నమస్కారం పెట్టడం లాంటిదది. నేను ఆ బావికి తిరిగి వెళ్లలేను. బాబాయ్ పోయి పదకొండేళ్లయింది. ఆయన కుటుంబం వారి అనుమతి అడగలేదు కనుక పేరు రాయడం లేదు. కాని ఆనాటి మా జట్టులో ఈ సంచిక చదివేవారు ఇంకా కొందరున్నారు. వారికి తెలియాలి. ఆ రోజు మీటరు సరిగానే ఉంది. మీటరు చూసిన మనిషీ సరిగానే చెప్పాడు. తప్పు నాది.