వారానికి వంద... తుపానుకు ముందే రక్ష

కోస్తా జిల్లాలకు తుపాన్ల ముప్పు ఏటా రెండు విడతలుగా పొంచి ఉంటుంది. మే నెలలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు తీరవాసులను వణికిస్తుంటాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పది వేల మంది అసువులు బాశారు. 1996 నవంబరు 6న కోనసీమ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ ధాటికి విశాఖపట్నం, 2018 అక్టోబరు 11న తిత్లీ తాకిడికి ఉద్దానం అతలాకుతలమయ్యాయి.

హుద్‌హుద్‌ అనంతరం మహానగరమైన విశాఖలోనే పాలు, తాగునీరు, పెట్రోలు కోసం జనం బారులు తీరాల్సి వచ్చింది. కరెంటు పునరుద్ధరణకు రోజులు పట్టింది. డబ్బున్నవారికే సరకు దొరకని అలాంటి వేళ రెక్కాడితే గానీ డొక్కాడని కుటుంబాల అవస్థ చెప్పనలవి కాదు. ఒకవైపు కూలి పనులు ఆగిపోతాయి. మరోవైపు దుకాణాల్లో ధరలు పెరుగుతాయి. అందువల్ల పేద కుటుంబాలకు ముందుజాగ్రత్త అంటే ఒకేసారి వేలు వెచ్చించడం కాదు. వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే కొద్దికొద్దిగా సమకూర్చుకోవడం.

ఆరు వారాల ప్రణాళిక

ఆగస్టు నడిమి నుంచి వారానికి సుమారు వంద రూపాయలు పక్కన పెడితే అక్టోబరు నాటికి అత్యవసర సామగ్రి సిద్ధమవుతుంది.

* మొదటి వారం: టార్చిలైటు, అదనపు సెల్స్‌. సెల్స్‌ను లైటులోనే ఉంచితే కారిపోయి పాడుచేస్తాయి. విడిగా భద్రపరచాలి.
* రెండో వారం: మందపాటి ప్లాస్టిక్‌ సంచులు, నైలాన్‌ తాడు. ఆధార్‌, రేషన్‌ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకాలను సంచిలో పెట్టి తడి తగలకుండా మూతి బిగించాలి.
* మూడో వారం: ఓఆర్‌ఎస్‌ పొట్లాలు, పారాసిటమాల్‌ మాత్రలు, దూది, కట్టుగుడ్డ. బీపీ, మధుమేహం ఉన్నవారు రోజూ వాడే మందులు వారానికి సరిపడా అదనంగా ఉంచుకోవాలి.
* నాలుగో వారం: అటుకులు, బెల్లం, వేయించిన శనగపప్పు. వీటిని పొయ్యి వెలిగించకుండానే తినవచ్చు. పాతబడకముందే వాడుకుని కొత్తవి నింపుకోవాలి.
* ఐదో వారం: మూత ఉన్న నీళ్ల క్యాను, నీటిని శుద్ధిచేసే క్లోరిన్‌ బిళ్లలు.
* ఆరో వారం: అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. వీటిని మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచాలి.

బ్యాటరీతో పనిచేసే రేడియో, పవర్‌బ్యాంకు వంటివి ఒక్క ఇంటికి భారమనిపిస్తే నాలుగిళ్లవారు కలిసి కొనుక్కోవచ్చు. డ్వాక్రా సంఘాల సభ్యులకు ఇది మరింత సులభం.

ఖర్చు లేని జాగ్రత్తలు

ప్రాణాలను కాపాడే పనుల్లో చాలావాటికి పైసా ఖర్చు కాదు. సమీపంలోని తుపాను రక్షిత భవనం ఎక్కడ ఉందో, అక్కడికి ఏ దారిన వెళ్లాలో ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండాలి. ఇంటిపై వాలిన ఎండుకొమ్మలను నరికించాలి. ఇల్లు, పడవ, వలలు, పశువులు, పంటను ఫోనులో చిత్రీకరించి పెట్టుకుంటే నష్టం అంచనాల సమయంలో ఆధారంగా ఉపయోగపడతాయి.

హెచ్చరిక వెలువడగానే ఫోను పూర్తిగా ఛార్జి చేసుకోవాలి. కడిగిన బిందెలు, క్యాన్లలో మంచినీరు నింపాలి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున లెక్కిస్తే నలుగురున్న కుటుంబానికి మూడు రోజులకు 48 లీటర్లు కావాలి. ఉప్పెన ముప్పున్న చోట పశువులను కట్టేసి ఉంచరాదు. పలుపులు విప్పి మెరకకు తోలాలి. పూరిళ్లు, రేకుల ఇళ్లలో ఉంటున్నవారు సామాన్లపై మమకారంతో ఆగిపోకుండా అధికారులు చెప్పిన వెంటనే తరలివెళ్లాలి. వెళ్లేముందు మెయిన్‌స్విచ్‌, గ్యాస్‌ రెగ్యులేటరు ఆపేయాలి.

తుపాను తీరం దాటే వేళ గాలి ఒక్కసారిగా ఆగిపోతే గండం గడిచిందని భావించరాదు. అది తుపాను కన్ను ఆ ప్రాంతం మీదుగా సాగుతున్న సమయం కావచ్చు. కొంతసేపటికే ఎదురు దిశ నుంచి అంతే ఉద్ధృతితో గాలి వీస్తుంది. అధికారిక ప్రకటన వచ్చేవరకు బయటకు రాకూడదు.

ఇరవై రూపాయల బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి రెండు లక్షల రూపాయల బీమా లభిస్తుంది. ప్రకృతి వైపరీత్యాల వల్ల సంభవించే ప్రమాద మరణాలకూ ఇది వర్తిస్తుంది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లలోపువారు అర్హులు. ప్రీమియం ఏటా ఖాతా నుంచే మినహాయిస్తారు గనుక మే నెలాఖరులో ఆ మేరకు నిల్వ ఉండేలా చూసుకోవాలి. ఖాతా ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోతుంది.

తుపాను వెలిశాక...

వరద నీరు కలిసిన బావులు, బోర్ల నీటిని నేరుగా తాగరాదు. బాగా మరగకాచి చల్లార్చి తాగాలి. క్లోరిన్‌ బిళ్లలను పొట్లంపై సూచించిన మోతాదులోనే వేసి అరగంట ఆగాలి. విరేచనాలు మొదలైతే, ఓఆర్‌ఎస్‌ అందుబాటులో లేనప్పుడు లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి తాగించాలి. టీచెంచాతో తలగొట్టి కొలవడం ముఖ్యం. తెగిపడిన కరెంటు తీగలను తాకరాదు.

ఆపద వేళ 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రానికి 1070, జిల్లా కేంద్రానికి 1077 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఈ నంబర్లను ఫోనులోనే కాక ఇంటి తలుపు వెనుక కూడా రాసి ఉంచితే చీకట్లో, కంగారులో వెతుక్కునే అవసరం ఉండదు.