ద్విపద గణములు – పదముల గణితము

జనగామ జిల్లాలోని పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధమైనది. ‘బసవపురాణము’, ‘పండితారాధ్య చరిత్రము’ అను రెండు పెద్ద కావ్యములను ఆయన ద్విపదలో రచించెను. ఆయన కాలమును గూర్చి పండితులలో చర్చ కలదు. దేశి ఛందస్సునకు కావ్యగౌరవము కల్పించినవారిలో ఆయన అగ్రగణ్యుడనుటలో మాత్రము వివాదము లేదు. ద్విపద కంటితో చదువుకొనుటకంటె పాడుకొనుటకు, వినుటకు తగినది. ఆ వినుటలోనే ఒక గణిత సమస్య దాగియున్నది.

ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, వానిపై ఒక సూర్యగణము ఉండవలెను. మూడవ గణము మొదటి అక్షరము యతిస్థానము. పాదము మొదటి అక్షరముతో దానికి మైత్రి కుదరవలెను. ఇంద్రగణములలో కొన్నిటికి మూడక్షరములు, కొన్నిటికి నాలుగు. కనుక యతి ఏడవ అక్షరమున గాని, ఎనిమిదవదాన గాని, తొమ్మిదవదాన గాని పడవచ్చును. పాడునపుడు గణముల నడుమ గీతలుండవు గదా! ఒకే గురులఘువుల వరుసను రెండు విధములుగా విడదీయుటకు వీలున్నచో యతి ఎచ్చట నిలుచును?

అట్టి చిక్కు రాదు. ఎందుకు రాదో తెలియుటకు గణముల పుట్టుకను చూడవలెను.

క్రీస్తుకు పూర్వపువాడని ఎంచబడు పింగళుడు గురులఘువుల వరుసలనన్నిటిని ఒక్కటియు విడువక వ్రాయు ‘ప్రస్తారము’ అను పద్ధతిని చెప్పెను. గురువును ‘గ’ అనియు, లఘువును ‘ల’ అనియు వ్రాసినచో మూడక్షరముల ప్రస్తారము ఇది: గగగ, లగగ, గలగ, లలగ, గగల, లగల, గలల, లలల. తెలుగు ఛందస్సున దీనికి ఒక చిన్న మార్పు జరిగినది. మొదట లఘువున్నచోట రెండు లఘువులు వేయుదురు. అప్పుడు వరుస గగగ, లలగగ, గలగ, లలలగ, గగల, లలగల, గలల, లలలల అగును. ఇందు మొదటి రెంటిని త్రోసివేయగా మిగిలిన ఆరే ఇంద్రగణములు: ర, నగ, త, సల, భ, నల. రెండక్షరముల ప్రస్తారముతో ఇట్లే చేసినచో హగణము (గల), నగణము (లలల) అను రెండు సూర్యగణములు వచ్చును.

ఆ మార్పు ఫలితము చూడుడు. గురువుతో మొదలైన ఇంద్రగణమునకు మూడక్షరములు, లఘువుతో మొదలైనదానికి నాలుగు. మొదటి అక్షరము చెవినిబడగానే గణము ఎచ్చట ముగియునో తెలిసిపోవును. ఉదాహరణకు ‘గలలలలలగగగలగల’ అను వరుసను తీసికొనుడు. మొదట గురువు, మూడక్షరములు తీయగా గలల. తరువాత లఘువు, నాలుగు తీయగా లలలగ. మరల గురువు, గగల. మిగిలినది గల. యతి ఎనిమిదవ అక్షరమున పడినది. వేరొక విభాగము అసాధ్యము. లాక్షణికులు దీనిని సిద్ధాంతముగా నిరూపించిరని చెప్పుట అతిశయోక్తి. గుణము మాత్రము వారి గణములలో ఉన్నది.

ఇట్టి ప్రశ్నలు ఇరువదవ శతాబ్దిలో గణితమున ఒక శాఖగా ఎదిగినవి. గుర్తుల వరుసను గణితజ్ఞులు ‘పదము’ అందురు; దానికి అర్థముండనక్కరలేదు. 1906లో నార్వే దేశీయుడు ఆక్సెల్ థూ మూడు గుర్తులతో, ఏ ముక్కయు వెనువెంటనే మరల రాని అనంతమైన పదమును కట్టవచ్చునని చూపెను. రెండే గుర్తులతో అది నాలుగక్షరముల వరకైనను సాగదు; గురులఘువులతో ప్రయత్నించినచో వెంటనే తేలును. 1911లో మాక్స్ డేన్ అను జర్మన్ గణితజ్ఞుడు సమూహములకు సంబంధించిన పదసమస్యను లేవనెత్తెను. సమూహమున ప్రతి గుర్తునకు విలోమము కలదు. రెండును ప్రక్కప్రక్కన పడినచో రద్దగును. మరికొన్ని సమీకరణములు కూడ విధింపవచ్చును. అప్పుడు వేర్వేరుగా కనబడు రెండు పదములు ఒకే మూలకమును తెలుపుచున్నవో లేదో నిర్ణయించు పద్ధతి కలదా? కొన్ని సమూహములకు అట్టి పద్ధతి ఉండజాలదని 1955లో సోవియట్ గణితజ్ఞుడు ప్యోత్ర్ నోవికోవ్ నిరూపించెను. (గణమనగా సమూహమను అర్థమున్నను, ఛందస్సులోని గణము వేరు, ఈ సమూహము వేరు.)

విలోమములు లేనిచోట, ముక్కలు పరిమితమైనచోట, పని ఇంత కఠినము కాదు. ఇచ్చిన ముక్కలతో కట్టిన ప్రతి పదము ఒకే విధముగా విడిపోవునా యని పరీక్షించు పద్ధతిని 1953లో సార్డినాస్, పాటర్సన్ ప్రకటించిరి. అట్లు విడిపోవు ముక్కల సముదాయమునకు ‘కోడ్’ అని పేరు. ఆరు ఇంద్రగణములు కోడ్ అగును. రెండు సూర్యగణములును అంతే. అయితే ఎనిమిదింటిని కలిపినచో కాదు! పండ్రెండు లఘువులు వరుసగా వచ్చినచో అవి నాలుగు నగణములా, మూడు నలములా? ఏ జాతి గణము ఎచ్చట రావలెనో ద్విపద లక్షణము ముందే నిర్ణయించుటచేత ఈ సందేహమునకు తావు లేదు.

విభాగము ఒక్కటే గనుక పాదభేదముల లెక్క కూడ సులభము: 6 × 6 × 6 × 2 = 432. పదునొకండు మొదలు పదునైదు అక్షరముల వరకు గల గురులఘు వరుసలు మొత్తము 63,488; అందు ద్విపద పాదములు ఈ 432 మాత్రమే. పాలకుర్తి మండలములోనిదే పోతన పేరుతో ముడిపడిన బమ్మెర. పోతన భాగవతమున విరివిగా కనబడు సీసమున పాదమునకు ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. భేదములు 1,86,624. ఇది 432 యొక్క వర్గము, అనగా ద్విపదలో రెండు పాదములకు కలుగు భేదముల సంఖ్యయే.

ఇక చంద్రగణములు పదునాలుగు. నాలుగక్షరముల ప్రస్తారమున మొదటి లఘువును రెండు చేసి, మొదటి రెండు వరుసలను విడిచినచో అవి లభించును. వానిని వ్రాసి, అవి కోడ్ అగునో కాదో విద్యార్థులు పరీక్షింపవచ్చును. ఆపై ఇంద్రగణములను వానితో కలిపి మరల చూడవలెను.