బీప్ మోగితే... కార్డు చూడండి!

మీట నొక్కగానే ఫ్యాను తిరుగుతుంది. తెరపై మాత్రం ఏమీ కనిపించదు. లోపలి నుంచి బీప్ శబ్దాలు వినిపిస్తాయి. దీంతో కంప్యూటర్‌లోని లెక్కలు, ఫొటోలు పోయాయని ఆందోళన చెందేవారు ఎందరో. అవన్నీ హార్డ్‌డిస్కులో భద్రంగా ఉంటాయి. మదర్‌బోర్డు స్లాటులోని కార్డు చెడినంత మాత్రాన అవి చెరిగిపోవు. తొందరపడి ఫార్మాట్ చేయించడమే అసలు ముప్పు.

ఉప్పుగాలి ప్రభావం
బాపట్ల, చీరాల, రేపల్లె, నిజాంపట్నం వంటి తీర ప్రాంతాల్లో గాలిలోని తేమ, ఉప్పు లోహపు భాగాలను త్వరగా తినేస్తాయి. కార్డు అంచున ఉండే బంగారుపూత పట్టీలపై మురికి పేరుకున్నా, స్లాటులో దుమ్ము చేరినా, కార్డు కాస్త పైకి లేచినా సంకేతాలు సరిగా అందవు.

శబ్దాల భాష
ఆన్ చేయగానే కంప్యూటర్ తన భాగాలను తానే పరీక్షించుకుంటుంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడవైన, రెండు పొట్టి బీప్‌లు గ్రాఫిక్స్ లోపానికి సూచన. ఏఎంఐ బయోస్‌లో ఎనిమిది బీప్‌లు వస్తే డిస్‌ప్లే మెమరీ లోపంగా భావించాలి. ఈ సంకేతాలు కంపెనీని బట్టి మారుతాయి కనుక మదర్‌బోర్డుతో ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి.

చేయవలసినవి
* షట్‌డౌన్ చేసినా మదర్‌బోర్డుకు 5 వోల్టుల విద్యుత్తు అందుతూనే ఉంటుంది. ప్లగ్ తీశాకే మూత తెరవాలి. స్థిర విద్యుత్తు పోయేందుకు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకాలి.
* మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించి ఉందో లేదో చూడాలి.
* కార్డు తీసి, పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడవాలి. పూర్తిగా ఆరాక గట్టిగా అమర్చి, స్క్రూ బిగించాలి.
* పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుంచి 75 వాట్ల వరకే విద్యుత్తు అందుతుంది. అంతకు మించి అవసరమైన కార్డుకు ప్రత్యేక పవర్ కేబుల్ తగిలించడం తప్పనిసరి.
* సౌండ్, నెట్‌వర్క్, టీవీ ట్యూనర్ కార్డులన్నీ తీసి ఆన్ చేయాలి. పనిచేస్తే ఒక్కొక్కటిగా తిరిగి అమర్చాలి. ప్రతిసారీ ప్లగ్ తీయడం మరవరాదు. ఏది పెట్టగానే ఆగిపోతే ఆ కార్డును గానీ, ఆ స్లాటును గానీ అనుమానించాలి. అదే కార్డును వేరే స్లాటులో పెట్టి చూస్తే దోషం దేనిదో తేలిపోతుంది.

తెర వచ్చి, విండోస్ మధ్యలో ఆగిపోతే అది డ్రైవర్ సమస్య కావచ్చు. సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్ తొలగించి కొత్తది వేసుకోవాలి. ఇవన్నీ చేసినా ఫలితం లేకుంటే మెకానిక్‌ను ఆశ్రయించాలి. ఏ కార్డుతో ఆగిందో, ఎన్ని బీప్‌లు వచ్చాయో రాసి ఇస్తే అనవసరంగా మదర్‌బోర్డు మార్చే ఖర్చు తప్పుతుంది.